నాలుగు గదుల మిద్దె ఊళ్లో, సింగిల్ రూమ్ తిరుపతిలో

పాకాల దగ్గర మా ఊళ్లో మాకు నాలుగు గదుల మిద్దె ఉంది. నాయన 2016లో అప్పు చేసి మరీ కట్టించాడు, పైన ఒక గది నాకోసమే, పెళ్లయ్యాక పనికొస్తుందని. నేనేమో తిరుపతి కొర్లగుంటలో పది బై పన్నెండు గదికి నెలకి ఐదున్నర వేలు కట్టి ఉంటున్నా. "ఈ కాస్త దూరానికి అద్దె ఎందుకురా, బస్సు లేదా, రైలు లేదా?" అని నాయన ఇప్పటికీ అడుగుతాడు. రేణిగుంట దగ్గర మా షిఫ్టు రాత్రి పదికి అయిపోతుంది, అప్పుడు ఏ బస్సు దొరుకుతుంది అని నేనంటాను. నిజం చెప్పాలంటే షిఫ్టు ఒక సాకు. జనరల్ షిఫ్టు వేసినా నేను ఊరికి పోను. రాత్రి పదకొండుకి టీ దొరకాలి, జిమ్ నడిచిపోయే దూరంలో ఉండాలి, ఎన్నింటికి వచ్చావని అడిగేవాళ్లు ఉండకూడదు. నాతో పనిచేసేవాళ్లలో సగం మంది కథ ఇదే, వాళ్ల ఊళ్ల పేర్లే వేరు.

గది దొరకడం మాత్రం అంత సులువు కాలేదు. టు-లెట్ బోర్డు చూసి ఆగితే కింద "ఫ్యామిలీకి మాత్రమే" అని ఉండేది. ఒక ఓనరు గేటు కూడా తీయకుండా "మీరేమోళ్లు?" అని కులం అడిగాడు. ఏ ప్రశ్న నుంచి తప్పించుకోవాలని ఊరు వదిలానో అదే గేటు దగ్గర నిలబడి ఉంది!

మా ఓనరుది వేరే లెక్క. ఆయనకి కింద ఒక పెద్ద పోర్షన్ ఉండేది, ఫ్యామిలీ తొమ్మిది వేలిచ్చేది. వాళ్లు ఖాళీ చేయగానే మధ్యలో గోడ లేపి, రెండో బాత్రూమ్ కట్టి, రెండు సింగిల్ రూములు చేశాడు. ఇప్పుడు పదకొండు వేలు. బ్యాచిలర్లని వద్దన్న ఆయనే మూడేళ్లలో మేస్త్రీని పిలిచి పై అంతస్తు కూడా అట్లనే చీల్చాడు. అలిపిరి వైపు ఓనర్లకి ఈ బాధ కూడా లేదు, రోజు అద్దెకి యాత్రికులు ఉండనే ఉన్నారు, ఇక నెల అద్దెకి మమ్మల్ని ఎవరు చూస్తారు? నా గదికి అడ్వాన్స్ ఐదు నెలల అద్దె. కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకి రెండు నెలల అద్దెకి మించి తీసుకోవద్దని ఉంది, ఆ మాట నేనెత్తి ఉంటే గది ఇంకొకడికి పోయేది.

గది చిన్నదైతే కొనేది కూడా చిన్నదవుతుంది, ఇది నాకు వచ్చాకే తెలిసింది. గ్యాస్ అంటే ఐదు కిలోల ఛోటూ సిలిండర్, అడ్రస్ ప్రూఫ్ అడగరు, గుర్తింపు కార్డు చాలు, కానీ కిలో లెక్కన చూస్తే ఇంటి సిలిండర్ కన్నా ఎక్కువే పడుతుంది. ఫ్రిజ్ లేదు కాబట్టి పాలు అర లీటరు ప్యాకెట్, కూర కర్రీ పాయింట్‌లో. కుక్కర్‌లో అన్నం పడేసి కిందికి పోతే, కర్రీ పాయింట్ ఆయన పప్పు కవర్లో పోసి, గాలి పట్టించి, దారంతో ఒక్క తిప్పు తిప్పి చేతిలో పెడతాడు, వేడికి కవరు చెయ్యి కాలుస్తుంది. మా వీధిలోనే అలాంటివి నాలుగు వచ్చాయి. అవి లేకపోతే ఈ సింగిల్ రూముల్లో సగం ఖాళీగా ఉండేవని నా నమ్మకం.

బియ్యం సంగతి ఇంకా తమాషా. 2022 జులై 18 నుంచి పాతిక కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పెట్టారు, దాంతో మిల్లులు 26 కిలోల బస్తాలు దించాయి. బస్తా కొనే ఇంటికి పన్ను లేదు. ఐదు కిలోల ప్యాకెట్ కొనే నాకు ఉంది. బస్తా పెట్టుకోవడానికి చోటు లేనివాడే పన్ను కడతాడన్నమాట.

ఇదంతా అమ్మకి చెప్పి ప్రయోజనం లేదు. మొన్న సంక్రాంతి అయ్యాక నాయన చేత బస్సులో ఒక మూట పంపించింది, మా మడిలో పండిన బియ్యమే, ముప్పై కిలోలకి తక్కువ లేదు. గదిలో ఎక్కడ పెట్టినా తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. వారం చూసి, వీధి చివర అంగడి అక్క దగ్గరికి మోసుకుపోయాను. ఆమె చేత్తో తీసి చూసి, నోట్లో రెండు గింజలు వేసుకుని, "బాగుండాయి నాయనా, పాత బియ్యమేనా?" అంది. పది కిలోలు నాకు ఉంచుకోమని, మిగతాది కిలో కిలో కవర్లు కట్టి మా బిల్డింగ్ పిల్లలకే అమ్మింది, నా ఖాతాలో ఉన్న బాకీ అందులోనే కొట్టేసింది. పక్క గది పిల్లోడు ఆ రాత్రి అన్నం వండుకుంటూ, ఈసారి అక్క దగ్గర మంచి బియ్యం వచ్చాయన్నా, తీసుకో అని నాకు చెప్పాడు.