ఎర్ర లైటు ఆరే దాకా

"ఏటిరా ఈ బొమ్మ?" అన్నాను. మా అక్క కొడుకు గ్రౌండ్ స్టాఫ్ కోర్సు నోట్సు అది. విమానం ఇంజిన్ ముందు ఒక సగం గుండ్రం గీసి, లోపల ఎర్ర పెన్నుతో రాసుకున్నాడు: "ఇక్కడుంటే అంతే."

విమానం పొట్ట కింద ఎర్ర లైటు మిణుకుతున్నంతసేపూ ఇంజిన్ తిరుగుతున్నట్టే లెక్కట. అది ఆరాలి, ఫ్యాన్ కూడా ఆగాలి. అప్పుడే దగ్గరికి వెళ్లాలి.

2022 డిసెంబర్ 31న అమెరికాలోని మాంట్‌గోమరీలో ఒక వర్కర్‌ని ఇంజిన్ లాగేసింది. ఆగి ఉన్నప్పుడు విమానానికి కరెంటిచ్చే ఏపీయూ ఆ రోజు పనిచేయలేదు. బయటి కరెంటు తగిలించే దాకా ఇంజిన్లు ఆపరని సిబ్బందికి ముందే చెప్పారు కూడా.

చెప్పారు, నిజమే. కానీ చెవులకి మఫ్స్, చుట్టూ హోరు, పైగా విమానం లేటైతే తిట్లు ఎవరికో మనకి తెలీదా?

భోగాపురం ఎయిర్‌పోర్టులో మన పిల్లలకి ఉద్యోగాలని విజయనగరమంతా సంబరం. నాకూ సంబరమే. అందరూ జీతమెంతనే అడుగుతున్నారు.

షిఫ్టు ఎన్ని గంటలో ఇంటర్వ్యూలో అడగరా అన్నాను.

"అలా అడిగితే ఉద్యోగం ఇస్తారేటి పిన్నీ!"