బాపట్ల వరి మడిలో ఒక ఖర్చు లెక్క

విజయవాడలో రైలెక్కి తెనాలి, నిడుబ్రోలు దాటి బాపట్ల చేరేదాకా పట్టాలకు రెండువైపులా కృష్ణా పశ్చిమ డెల్టా వరి చేలే. కార్తీక మాసం కావడంతో చాలాచోట్ల పైరు ఈనుతోంది. విద్యాసంస్థల జమాఖర్చులు చూడడంలోనే నా ఉద్యోగ జీవితం చాలావరకు గడిచింది. ఒక్కో విద్యార్థిపై ఏడాదికి ఎంత ఖర్చవుతోందన్న ఒక్క అంకెను పట్టుకుని, పరిశోధన కూడా చేసే కళాశాలలను ఖరీదైనవిగా తేల్చేయడం నాకు ఎన్నడూ మింగుడు పడలేదు. ఆ అంకె వెనుక జరిగే పనిని కళ్లారా చూడాలనే బాపట్ల వ్యవసాయ కళాశాలకు బయలుదేరాను. ఈ ఊరికి వచ్చేవారిలో చాలామంది సూర్యలంక సముద్రతీరానికి పోతారు. నేను ఆ దారి పట్టలేదు.

1945లో మొదలైన ఈ కళాశాల, 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భాగమైంది. ఆ విశ్వవిద్యాలయమే ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా పేరుతో గుంటూరు దగ్గరి లాం నుంచి నడుస్తోంది. బోధన, పరిశోధన, విస్తరణ (కొత్త పద్ధతులను రైతుల దగ్గరకు చేర్చడం) ఒకే సంస్థ చేతిలో ఉండాలన్న ఈ పద్ధతి ప్రభుత్వమిచ్చిన భూమి ఆసరాతో నెలకొన్న అమెరికా ల్యాండ్ గ్రాంట్ కళాశాలల నుంచి వచ్చింది. తొలినాళ్లలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ ఇక్కడ సాయపడింది కూడా.

నేను వెళ్లేసరికి విద్యార్థులు వరిలో సంకరం చేయడం నేర్చుకుంటున్నారు. తల్లి మొక్క వెన్నులో ఒక్కో పువ్వు పైభాగాన్ని చిన్న కత్తెరతో కత్తిరించి, లోపలున్న ఆరు పుప్పొడి తిత్తులను పట్టకారుతో తీసేసి, వెన్నుకు బటర్ పేపర్ సంచి తొడుగుతారు. మర్నాడు పొద్దెక్కాక తండ్రి మొక్క పూలు విచ్చుకున్నప్పుడు ఆ పుప్పొడిని దీనిపై రాలుస్తారు. "ఒక్క తిత్తి మిగిలినా చేసిందంతా వృథానే సార్, దాని పుప్పొడి దానిమీదే పడిపోతుంది" అని ఒక అమ్మాయి వెన్ను మీద నుంచి చూపు తిప్పకుండానే చెప్పింది.

ఆ మడి కౌలును, నీటిని, కూలిని, పక్కన నిలబడి చూపిస్తున్న అధ్యాపకురాలి జీతాన్ని ఏ పద్దులో రాయాలి? పాఠం కోసమే ఈ పని చేయించాలంటే వేరే మడి, వేరే మనుషులు కావాలి. పరిశోధన కోసమే చేయాలన్నా వందల వరుసల్లో తెగుళ్లను, ఎత్తును, పూత రోజులను నమోదు చేయడానికి జీతమిచ్చి చేతులను తెచ్చుకోవాలి. ఇక్కడ పీజీ విద్యార్థి సిద్ధాంత వ్యాసానికి సేకరించే వివరాలే కొత్త వంగడాలను రూపొందించే ప్రజనన శాస్త్రవేత్తకు ఏ వరుసను ఉంచాలో, దేన్ని వదిలేయాలో చెబుతాయి. రెంటినీ విడదీసి చేస్తే అయ్యే ఖర్చుల మొత్తం కన్నా కలిపి చేస్తే అయ్యేది తక్కువని ఆ గట్టు మీద నాకు స్పష్టంగా కనిపించింది.

ఫలితం సంగతి మరీ ముఖ్యం. జీఈబీ 24, టీఎన్ 1, మసూరి రకాల కలయికతో బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, ఇప్పటికీ మన ఇళ్లలో సన్నబియ్యానికి మరో పేరు. దాని లాభం రైతుకు, మిల్లరుకు, తినేవాడికి చేరిందే తప్ప విశ్వవిద్యాలయపు జమ పద్దులో కనిపించదు. ఖర్చు మాత్రం ప్రతి రూపాయీ అక్కడే కనిపిస్తుంది.

అలాగని పరిశోధన అంతా కళాశాలల్లోనే జరగాలని నేను అనను. బాక్టీరియా ఎండాకు తెగులుకు లొంగిపోయే సాంబ మసూరిలోకి మూడు నిరోధక జన్యువులను చేర్చి, 2008లో మెరుగైన రకాన్ని ఇచ్చినవి హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంచాలక కార్యాలయం. అణుజీవశాస్త్ర ప్రయోగశాలకు కావలసిన పరికరాలను ప్రతి ప్రాంగణంలో పెట్టడం దుబారా అవుతుంది. కానీ మడిలో దిగి చేసే పని అటువంటిది కాదు.

కలిపి చేయడంలో ఇబ్బందీ ఉంది. పరీక్షలూ వరి పూతా ఒకేసారి వస్తే రెంటిలో ఒకటి వెనకబడుతుందని ఆ అధ్యాపకురాలు ఒప్పుకున్నారు. బోధనకు ఎన్ని గంటలు, పరిశోధనకు ఎన్ని అని అడిగితే, ఉదయం మడిలో గడిపినదాన్ని రెండుగా కోయలేనన్నారు. ఆ మాట సబబే. పనిగంటల పట్టికలో ఆ రెండు గడులతో పాటు "ఉమ్మడి" అని మూడో గడి పెట్టి, విద్యార్థులు చేసిన పని విలువను అందులో జమ కట్టి, ఆ తరువాతే తలసరి ఖర్చు తేల్చాలని నేను ఆవిడకు చెప్పాను. అటువంటి పట్టిక నమూనా ఒకటి తిరుగు రైలులోనే రాసి పంపించాను.