ప్యాటియో కవర్: గోడ అంచున ఉరుపు, సగం గెలిచాం

నిన్న రాత్రి టెక్సస్‌లోని ఫ్రిస్కోలో కురిసిన వానకి మా ప్యాటియో కవర్ (ఇంటి గోడకి ఆనుకుని వేసిన అల్యూమినియం కప్పు) మళ్లీ ఉరిసింది. కాకపోతే మరమ్మతు చేశాం కాబట్టి ఈసారి స్లైడింగ్ డోర్ మీద చుక్క పడలేదు, కుడి మూల ఒక్కటే కారింది. ఆ మూల మీద ఎంత చిరాకుగా ఉందో, మధ్యభాగం పొడిగా ఉండటం అంత సంతోషంగా ఉంది.

కవర్ గోడ వెంట 20 అడుగులు, ముందుకి 12 అడుగులు. ప్యానెళ్లు 3 అంగుళాల ఫోమ్‌వి, పైనా కిందా 0.024 అంగుళాల రేకు. ఒక కొస గోడ మీది హ్యాంగర్ ఛానెల్‌లో (పైనా కిందా పెదవులున్న పట్టీలో) దూరి ఉంటుంది, రెండోది ముందు బీమ్ మీద కూర్చుంటుంది. గట్టర్, ఫ్యాన్ వేలాడదీసే బీమ్ భేషుగ్గా ఉన్నాయి.

మరమ్మతుకి ముందు ఉరుపు తీరు ఇది: వాన మొదలైన పావుగంటకి గానీ చుక్క పడదు, వాన వెలిశాక అరగంట దాకా ఆగదు. ఉత్తరపు గాలి తోలితే ఎక్కువ. తెల్లవారుజామున రేకు కింద పట్టే చెమ్మ కాదిది. సింగిల్ రేకు కవర్లకి ఆ చెమ్మ మామూలే, ఫోమ్ ప్యానెల్‌కి అరుదు.

నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో తేలాలంటే హోస్‌తో కింది నుంచి పైకి, ఒక్కోచోట పది నిమిషాలు నీళ్లు పట్టాలి. పైనుంచి మొదలుపెడితే అన్నీ తడిసిపోయి ఏదీ తేలదు. ప్యానెల్ అతుకులు పొడిగానే ఉన్నాయి. హ్యాంగర్ పై పెదవి ప్యానెల్‌ని తాకే చోట మాత్రం నాలుగు నిమిషాల్లో నీళ్లు దిగాయి. అక్కడ సిలికాన్ ప్యానెల్ వైపు నుంచి శుభ్రంగా ఊడి, గోరు దూరేంత సందు వదిలింది.

ఎందుకు ఊడిందో లెక్కలో ఉంది. 12 అడుగుల అల్యూమినియం ఒక్కో సెల్సియస్ డిగ్రీకి 0.086 మి.మీ. సాగుతుంది. ఎండలో తెల్ల రేకు 50 డిగ్రీలు, చలికాలం రాత్రి మైనస్ 5 అనుకుంటే మొత్తం కదలిక 4.7 మి.మీ. స్క్రూలన్నీ ముందు బీమ్ దగ్గర బిగించి, గోడ వైపు ప్యానెల్‌ని ఊరికే దూర్చి వదిలారు. దాంతో ఆ కదలికంతా గోడ దగ్గరి 3 మి.మీ. సిలికాన్ మీద పడింది. ఏ బ్రాండుదైనా అంత సన్నని పూస దానికి తట్టుకోలేదు.

అందుకే బిగింపు తిరగేశాం. హ్యాంగర్ పై పెదవికీ కింది పెదవికీ 6 అంగుళాలకొక #8 సైజు స్క్రూ వేసి ప్యానెల్‌ని గోడ వైపు కట్టేశాం. ముందు బీమ్ దగ్గర 1/4 అంగుళం స్క్రూలకి ప్యానెల్‌లో రంధ్రాలు 7/16 అంగుళానికి పెద్దవి చేసి, వెడల్పాటి నియోప్రీన్ (రబ్బరు) వాషర్లు వేశాం. ఆ రంధ్రం ఇచ్చే వెసులుబాటు సరిగ్గా 4.7 మి.మీ.యే, కాబట్టి 22 డిగ్రీల వాతావరణంలో స్క్రూని నడిమధ్య నిలబెట్టాలి. స్క్రూల సంఖ్య తగ్గించకూడదు, గాలికి కవర్ పైకి లేవకుండా పట్టేవి అవే.

సీలెంట్‌కి మూలలో 6 మి.మీ. బాండ్ బ్రేకర్ టేప్ (సీలెంట్ అడుగున అతుక్కోకుండా ఆపే టేప్), దాని మీద 12 మి.మీ. వెడల్పున డౌసిల్ 790 అనే సిలికాన్. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్‌ని ఇటుక దగ్గరా లోహం దగ్గరా వాడొద్దు, అందులోంచి వచ్చే ఆమ్లం రెండింటికీ చేటు. తడి తగిలే చోట జియోసెల్ 2300 అనే సీలెంట్ కూడా మంచిదే, కానీ జిగురు చేతికి పట్టిందంటే వదలదు.

ఇక కుడి మూల. డిజిటల్ లెవెల్‌లో ఎడమ కొసన వాలు 1.2 డిగ్రీలు, అంటే అడుగుకి పావు అంగుళం, సరిగ్గానే ఉంది. కుడివైపు 0.8. అంటే అటువైపు ముందు పోస్టు (స్తంభం) అంగుళం పైకి లేచింది. డౌన్‌స్పౌట్ (గట్టర్ నీళ్లు దించే గొట్టం) ఆ పోస్టు పాదంలోనే నీళ్లు పోస్తోంది, ఇక్కడి బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది. వాలు తగ్గిన చోట గాలి నీళ్లని వెనక్కి, పెదవి దాకా తోస్తోందని అనుమానం.

ప్యానెల్ వంపు మీద కూడా అనుమానం ఉండేది. పై రేకు కింది రేకు కంటే 22 డిగ్రీలు వేడెక్కితే ప్యానెల్ మధ్యలో 11 మి.మీ. పైకి ఉబ్బుతుంది, గోడ దగ్గర వాలు 0.7 డిగ్రీలు పోతుంది. అంటే కుడి మూల దాదాపు చదునే. కానీ నిన్న కారింది రాత్రి వానకి. ఆ వేళ పై రేకు చల్లగానే ఉంటుంది, కాబట్టి వంపుది ప్రధాన పాత్ర కాదు.

మొదట డౌన్‌స్పౌట్‌ని 6 అడుగులు అవతలికి లాగాలి. పోస్టుని ఇప్పుడే కోసి పొట్టి చేయడం తొందరపాటు, మట్టి ఆరితే దానంతట అదే కొంత దిగొచ్చు. వేసవి చివర్లో మళ్లీ లెవెల్ పెట్టి, అప్పటికీ 1 డిగ్రీ దాటకపోతే కోత.

పడమటి వైపు 10×10 అడుగుల కవర్ కూడా వేయాలి. అది గోడకి తగలకుండా నాలుగు పోస్టుల మీదే నిలవాలి, ఇటుక వెనీర్‌కి (గోడ మీద పైపూతలా కట్టిన ఇటుక వరసకి) బరువు వేలాడదీయడం నాకు సమ్మతం కాదు. రేకు 0.032 అంగుళాలది తీసుకుంటాను. ఈ ప్రాంతపు వడగళ్లకి 0.024 సొట్టలు పడుతుంది, సొట్టలకి డబ్బివ్వని ఇన్సూరెన్స్ పాలసీలు టెక్సస్‌లో చాలానే ఉన్నాయి. లూవర్ల (తెరిచి మూసే పలకల) మోడల్ జోలికి పోను, కదిలే ప్రతి పలకా ఒక కొత్త జాయింటే. రంగుకి హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) అనుమతి రాగానే పునాదుల లోతు తేల్చుకోవాలి.