బెంగళూరా, హైదరాబాదా: ఇద్దరి ఉద్యోగాలు చూసుకుని ఊరు ఎంచుకున్న నా అనుభవం

2024 వేసవిలో నాకు కొద్ది రోజుల తేడాతో రెండు ఆఫర్ లెటర్లు వచ్చాయి. ఒకటి బెంగళూరులో మారతహళ్ళి దగ్గర, అవుటర్ రింగ్ రోడ్డు మీద ఉన్న కంపెనీ నుంచి, ఏడాదికి 24 లక్షల సీటీసీతో (ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) వచ్చింది. రెండోది హైదరాబాదు గచ్చిబౌలిలోని కంపెనీ నుంచి, 21 లక్షలతో. అప్పటికి మేం విశాఖపట్నంలో ఉన్నాం. నేను వాహనాల ఎలక్ట్రానిక్స్‌కు సాఫ్ట్‌వేర్ రాసే ఎంబెడెడ్ ఇంజనీరుని. నా భార్య పరవాడ ఫార్మా సిటీలోని ఒక మందుల కర్మాగారంలో క్వాలిటీ కంట్రోల్ విభాగంలో పని చేసేది. మా అమ్మాయి ఆరో తరగతికి వస్తోంది. నేను పని చేస్తున్న ప్రాజెక్టు ముగింపుకు రావడంతో ఊరు మారక తప్పదని తేలిపోయింది. మూడు లక్షలు ఎక్కువిచ్చే చోటు ఎదురుగా ఉండగా ఇంకా ఆలోచన దేనికని దగ్గరివాళ్ళంతా అన్నారు. ఆ మూడు లక్షలు నిజంగా ఎంతో, వాటి కోసం ఏం వదులుకోవలసి వస్తుందో తెలుసుకోకుండా సంతకం పెట్టకూడదని మేమిద్దరం అనుకున్నాం.

ముందు ఆఫర్ లెటర్ చివర జతచేసే జీతం పట్టికను పట్టుకున్నాను. బెంగళూరు వారి 24 లక్షల్లో 2,40,000 వేరియబుల్ పే. అది కంపెనీ ఫలితాలను, మన రేటింగును బట్టి ఏడాది చివర వచ్చే డబ్బు. మరో లక్ష జాయినింగ్ బోనస్. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలని కింద చిన్న అక్షరాల్లో ఉంది. మూల వేతనం సీటీసీలో 40 శాతం, అంటే 9,60,000. దాని మీద యాజమాన్యం కట్టే పీఎఫ్ 12 శాతం చొప్పున 1,15,200, గ్రాట్యుటీ పేరిట 46,000 పైచిలుకు కూడా ఆ 24 లక్షల్లోనే కలిపేశారు. ఇవన్నీ తీసేస్తే నెలనెలా జీతంగా లెక్కకొచ్చేది ఏడాదికి 18,98,000 పైచిలుకు. హైదరాబాదు వారి పట్టికలో జాయినింగ్ బోనస్ లేదు, వేరియబుల్ 1,05,000 మాత్రమే. పీఎఫ్, గ్రాట్యుటీ అదే పద్ధతిలో తీసేస్తే 18,53,000 పైచిలుకు మిగిలింది. మూడు లక్షలుగా కనిపించిన తేడా స్థిరమైన జీతం దగ్గరికి వచ్చేసరికి ఏడాదికి 45,000 రూపాయల లోపుకు పడిపోయింది. అప్పటి పన్ను రేట్ల ప్రకారం నా ఆదాయం 30 శాతం శ్లాబులో ఉంది కాబట్టి సెస్సుతో కలిపి ఆ తేడాలో 31.2 శాతం పన్నుకు పోతుంది. ఎక్కువ మూల వేతనం మీద మన వాటా పీఎఫ్ కూడా ఎక్కువే కోస్తారు. చివరకు బ్యాంకు ఖాతాలో పడే మొత్తంలో తేడా నెలకు పదిహేను వందలు కూడా లేదు. పీఎఫ్ డబ్బు ఎక్కడికీ పోదు, అది మనదే. కానీ అద్దె కట్టడానికి పనికిరాదు.

వేరియబుల్ పే సంగతి తేల్చుకోవడానికి బెంగళూరు హెచ్‌ఆర్ అధికారికి ఫోన్ చేసి, గత సంవత్సరాల్లో ఎంత శాతం చెల్లించారని అడిగాను. "దాదాపు పూర్తిగానే ఇస్తున్నాం సార్" అన్నారు. అదే మాట మెయిల్‌లో రాసి పంపమన్నాను. మెయిల్ వచ్చింది గాని అందులో శాతం లేదు, కంపెనీ విధానం ప్రకారం చెల్లిస్తామని మాత్రమే ఉంది. ఈ ప్రశ్న అడగడానికి చాలామంది మొహమాటపడతారు. ఆఫర్ చేతిలో ఉండి ఇంకా సంతకం పెట్టని ఆ కొద్ది రోజుల్లోనే మన ప్రశ్నకు జవాబిచ్చే ఓపిక వాళ్ళకు ఉంటుంది. చేరాక అదే ప్రశ్నకు విలువ ఉండదు.

పన్నుల్లో నగరాన్ని బట్టి మారేది పెద్దగా లేదు. వృత్తి పన్ను అప్పట్లో రెండు రాష్ట్రాల్లోనూ నా జీతానికి నెలకు 200 రూపాయలే. ఇంటి అద్దె మినహాయింపులో అప్పటి నిబంధనల ప్రకారం 50 శాతం వర్తించే మహానగరాలు ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై మాత్రమే కాబట్టి ఈ రెండు చోట్లా 40 శాతమే. కొత్త పన్ను విధానం ఎంచుకుంటే ఆ మినహాయింపే ఉండదు.

అద్దె దగ్గర మాత్రం రెండు నగరాలు పూర్తిగా విడిపోయాయి. వెబ్‌సైట్లలో కనిపించే అద్దెలను నమ్మకుండా రెండు చోట్లకూ వెళ్ళి ఇళ్ళు చూశాం. మారతహళ్ళి చుట్టుపక్కల మాకు సరిపోయే రెండు పడక గదుల ఇల్లు మెయింటెనెన్సుతో కలిపి 36,000 దగ్గర తేలింది. మియాపూర్‌లో దాదాపు అలాంటిదే 24,000కు దొరికింది. అడ్వాన్సులో తేడా ఇంకా ఎక్కువ. హైదరాబాదులో రెండు నెలల అద్దె అడిగారు, అంటే 48,000. బెంగళూరులో ఆరు నెలలది, అంటే 2,16,000. ఒకప్పుడు పది నెలలది అడిగేవారని, ఇప్పుడు తగ్గిందని చెప్పారు. మాకు ఇల్లు చూపించిన పెద్దావిడ చక్కటి తెలుగులో మాట్లాడింది. చిత్తూరు జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబమట. అడ్వాన్సు తిరిగిచ్చే సంగతి నా భార్య అడిగితే, "ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగుకని పట్టుకుంటామమ్మా, ఇక్కడ అందరిదీ అదే పద్ధతి" అంది. గోడలు ఎంత శుభ్రంగా ఉంచినా అంతేనా అని అడిగితే అంతేనంది. ఉన్న మాట ముందే చెప్పినందుకు ఆవిడ మీద నాకు గౌరవమే కలిగింది, కానీ 36,000 రూపాయల ఖర్చు మా పట్టికలో కొత్తగా చేరింది. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదని కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఉంది గాని, అది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది.

చేతికొచ్చే జీతంలో తేడా నెలకు పదిహేను వందలు, అద్దెలో తేడా పన్నెండు వేలు. బెంగళూరు వేరియబుల్ పూర్తిగా వచ్చిందనుకున్నా, హైదరాబాదు దానికంటే అదనంగా వచ్చే 1,35,000లో పన్ను పోగా నెలకు సగటున 7,700 పడుతుంది. అన్నీ కలుపుకున్నా బెంగళూరులో మాకు నెలకు మూడు వేల దాకా తక్కువే మిగులుతుంది. దూరంగా చవకైన ఇల్లు తీసుకోవచ్చు కదా అని కూడా చూశాం. 2023 అక్టోబరు నుంచి నమ్మ మెట్రో పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ దాకా పూర్తిగా నడుస్తోంది, కానీ నా ఆఫీసు ఆ దారిలో లేదు. అవుటర్ రింగ్ రోడ్డు వెంట వేస్తున్న బ్లూ లైన్ అప్పటికి నిర్మాణంలోనే ఉంది. హైదరాబాదు మెట్రో కూడా మాకు నేరుగా అక్కరకు రాదు. మియాపూర్ నుంచి గచ్చిబౌలి వైపున్న రాయదుర్గం స్టేషనుకు వెళ్ళాలంటే అమీర్‌పేట దాకా పోయి రైలు మారి వెనక్కి రావాలి. కొండాపూర్ మీదుగా రోడ్డు దారే దగ్గర. అందుకని రెండు నగరాల్లోనూ ఆఫీసు వదిలే సమయానికి ఆ దారుల్లో స్వయంగా ప్రయాణించి చూసి, ఆ తర్వాతే సమయాన్ని లెక్కలో రాసుకున్నాను.

చిన్నచిన్న రాయితీల విషయంలో బెంగళూరు మెరుగనిపించింది. ఇళ్ళకు ఉచిత విద్యుత్తు ఇచ్చే కర్ణాటక గృహజ్యోతి పథకంలో అద్దెకుండేవారు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. తెలంగాణలో 200 యూనిట్ల ఉచిత విద్యుత్తుకు తెల్ల రేషన్ కార్డు ఉండాలి, అది మాకు వర్తించదు. మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం కర్ణాటకలో 2023 జూన్ నుంచి, తెలంగాణలో అదే ఏడాది డిసెంబరు నుంచి ఉన్నా, రెండు చోట్లా అది ఆ రాష్ట్ర నివాసులకే. నా భార్య ఆధార్‌లో ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉంది కాబట్టి అది మార్చుకునేదాకా ఎక్కడైనా టికెట్టు కొనాల్సిందే. నీటి సంగతి వేరు. ఆ ఏడాది మార్చిలో బెంగళూరులో నీటి ఎద్దడి ఎంత తీవ్రమైందంటే, తాగునీటితో కార్లు కడిగితే, మొక్కలకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. మియాపూర్ వైపు కూడా వేసవిలో ట్యాంకర్లు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి రెండు చోట్లా ఇంటివారిని మొదట అడిగింది మంజీరా నీళ్ళా, కావేరీ నీళ్ళా, బోరా అన్నదే.

ఇంతవరకూ ఇవి నా ఒక్కడి ఉద్యోగం లెక్కలు. ఊరు మారితే రెండో ఉద్యోగం కూడా మారుతుంది. అసలు నిర్ణయం అక్కడే జరిగింది.

నా రంగానికి బెంగళూరు సాటిలేని చోటు. 1940లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్, 1954లో భారత్ ఎలక్ట్రానిక్స్ అక్కడ మొదలయ్యాయి. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన డిజైన్ కేంద్రాన్ని అక్కడ తెరిచింది. ఇన్ని దశాబ్దాలుగా పోగుపడిన అనుభవం చుట్టూ వాహన ఎలక్ట్రానిక్స్ కంపెనీలు కూడా అక్కడే గుమిగూడాయి. నా పని అవసరమున్న కంపెనీల పేర్లు రాసుకుంటే బెంగళూరు జాబితా పేజీ దాటింది, హైదరాబాదుది అర పేజీ దగ్గర ఆగింది. అయితే ఆ అర పేజీ బలహీనమైనదేమీ కాదు. క్వాల్‌కమ్, ఏఎండీ వంటి చిప్ డిజైన్ సంస్థల పెద్ద కేంద్రాలు, జెడ్‌ఎఫ్, హ్యుందాయ్ ఇంజనీరింగ్ వంటి వాహన రంగ సంస్థలు అందులో ఉన్నాయి. ఈ ఉద్యోగం పోతే అదే ఇంట్లో ఉంటూ మరోటి వెతుక్కోగలనా అన్నది నేను పెట్టుకున్న పరీక్ష. బెంగళూరులో తేలిగ్గా, హైదరాబాదులో కొంత ఓపికతో, వెతుక్కోగలనని తేలింది.

నా భార్య విషయంలో అదే పరీక్ష పెడితే జవాబు తారుమారైంది. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ హైదరాబాదు కర్మాగారంలో పని నేర్చుకున్నవారే తర్వాత సొంతంగా మందుల కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్‌ను 1984లో స్థాపించిన అంజిరెడ్డి గారు కూడా అక్కడ పని చేసినవారే. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, బాచుపల్లి, జీనోమ్ వ్యాలీ, ఇలా నగరం చుట్టూ ఆమెకు తెలిసిన పనే ఉంది. చాలా కంపెనీలు మియాపూర్, కూకట్‌పల్లి నుంచి బస్సులు నడుపుతాయి, ఆదివారాలు వాక్-ఇన్ ఇంటర్వ్యూలు పెడతాయి. బెంగళూరులో బొమ్మసంద్ర, జిగని వైపు మంచి సంస్థలున్నాయి గాని, అక్కడ బయోలాజిక్స్ (జీవకణాల నుంచి తయారుచేసే మందులు), కాంట్రాక్టు పరిశోధన పాలు ఎక్కువ. మాత్రల పరీక్షల్లో, మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరికరం మీద ఏళ్ళ తరబడి పని చేసిన ఆమెకు అక్కడ తగిన ఖాళీలు తక్కువగా కనిపించాయి. పైగా మారతహళ్ళి నుంచి బొమ్మసంద్ర వెళ్ళి రావడం షిఫ్టు పనిలో ఉన్నవారికి రోజూ సాధ్యమయ్యేది కాదు. "నీ జీతం మూడు లక్షలు పెరగడానికి నా జీతం మొత్తం ఆపుకుంటే అది పెరుగుదల ఎలా అవుతుంది?" అని ఆమె అడిగింది. దాంతో పట్టికలో రెండు వరుసలు కలిపాం. బెంగళూరులో ఆమె ఆరు నెలలు ఖాళీగా ఉన్నా, మూడు లక్షల తేడా మొత్తం అందులోనే కరిగిపోతుందని తేలింది.

మా అమ్మాయి చదువు గురించి కూడా ఒక మాట చెప్పాలి. కర్ణాటకలో 2015 చట్టం ప్రకారం బడుల్లో కన్నడ, తెలంగాణలో 2018 చట్టం ప్రకారం తెలుగు ఒక భాషగా తప్పనిసరి. కన్నడ నేర్చుకోవడానికి అమ్మాయి సిద్ధంగానే ఉంది, లిపి కూడా మనకు దగ్గరిదే. కానీ వృత్తి విద్యా కోర్సుల్లో స్థానికతకు తెలుగు రాష్ట్రాల్లో ప్రధానంగా చూసేది ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్ళ చదువు. అంటే తొమ్మిదో తరగతి నుంచి ఎక్కడ చదివిందన్నది ముఖ్యం. కన్వీనర్ కోటా సీటుకూ యాజమాన్య కోటా సీటుకూ ఫీజుల్లో ఉండే అంతరం చూసినవారికి, ఇది కూడా జీవన వ్యయం కిందికే వస్తుందని వేరే చెప్పక్కర్లేదు.

మేం హైదరాబాదు ఎంచుకున్నాం. బెంగళూరు కంపెనీకి కారణం దాచకుండా మర్యాదగా రాశాను, వాళ్ళూ అర్థం చేసుకున్నారు. మియాపూర్‌లో ఇల్లు తీసుకుని, అలవాటు ప్రకారం పదకొండు నెలల ఒప్పందం రాసుకున్నాం. ఏడాదికి తక్కువ ఒప్పందానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న నమ్మకంతో చాలామంది అలాగే రాసుకుంటారు. పునరుద్ధరణ సమయంలో అద్దె ఎంత శాతానికి మించి పెంచకూడదో కూడా అందులోనే రాయించాం. నా భార్యకు కొద్ది నెలల్లో బాచుపల్లి వైపు ఒక వాక్-ఇన్‌లో ఉద్యోగం దొరికింది. కారు సంగతి మిగిలింది. మరో రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం అక్కడ నంబరు మార్చుకోవాలి. విశాఖ రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చి, ఇక్కడ బండి వయసును బట్టి జీవితకాల పన్ను కట్టాను. ఊరు మారేవారు సామాను లారీ ఖర్చు పక్కనే ఈ పన్ను కూడా రాసుకోవాలి. కర్ణాటకలో ఆ రేట్లు దేశంలోనే ఎక్కువ వాటిలో ఉంటాయి.

ఈ మధ్య నాతో పని చేసే ఒక కుర్రవాడికి, పెళ్ళి కానివాడికి, ఇలాగే రెండు ఆఫర్లు వస్తే పట్టిక పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ముగ్గురు స్నేహితులతో కలిసి ఇల్లు తీసుకుంటాడు కాబట్టి అద్దెలో అతని వాటాకు రెండు నగరాల మధ్య తేడా కొద్దిగానే ఉంటుంది. రంగం నాదే. ఇక్కడ వదులుకోవలసిన రెండో జీతం లేదు. వేరియబుల్ శాతం మెయిల్‌లో తెప్పించుకుని బెంగళూరుకే వెళ్ళమని చెప్పాను.