డ్రోన్ గుండ్రంగా తిరిగి కూలిందా? ముందు కంపాస్ చూడండి

గాల్లో ఒకచోటే నిలబెట్టే లాయిటర్ మోడ్‌లో పెట్టగానే డ్రోన్ అలా నిలబడకుండా చుట్లు తిరగడం, ఆ చుట్టు పెద్దదవుతూ పోయి చివరికి ఏ వేపచెట్టుకో తగలడం... అందరూ జీపీఎస్‌ని తిడతారు. పాపం, చాలాసార్లు దాని తప్పేం ఉండదు.

మొన్న ఒక తమ్ముడు పంపిన ఆర్డుపైలట్ (డ్రోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) లాగ్, అంటే ఎగిరినప్పటి రికార్డు తెరిస్తే, థ్రాటిల్ (మోటార్లకిచ్చే జోరు) పెరిగిన ప్రతిసారీ మ్యాగ్ గ్రాఫ్ (కంపాస్ చదివిన అయస్కాంత క్షేత్రం) కూడా దానితోపాటే లేస్తోంది. అంటే మళ్లీ మళ్లీ కాలిబ్రేషన్ చేసి కంపాస్‌ని సరిదిద్దినా లాభం లేదు, గొడవంతా కరెంటుతోనే. బ్యాటరీ వైర్లలో పదుల ఆంపియర్లు పారుతుంటే వాటి చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని కంపాస్ భూమి క్షేత్రంతో కలిపి చదివేస్తుంది. ఫోటో అడిగితే తెలిసింది, ఆ ఎర్ర, నల్ల వైర్లు కంపాస్ ఉన్న జీపీఎస్ మాడ్యూల్ కిందినుంచే పోతున్నాయి!

రెండు వైర్లూ మెలిపెట్టించి, మాడ్యూల్‌ని చిన్న రాడ్ మీద ఎత్తుగా పెట్టించాను. తర్వాత కంపాస్‌మాట్ పరీక్ష, అంటే మోటార్ల కరెంటు కంపాస్‌ని ఎంత చెదరగొడుతోందో కొలవడం: 30 శాతం లోపు వస్తే టెన్షన్ లేదు, 60 దాటితే మాడ్యూల్ ఇంకా దూరం జరపాల్సిందే. ఈ పరీక్షలో మోటార్లు నిజంగానే తిరుగుతాయి, డ్రోన్‌ని గట్టిగా కట్టేయండి, వేళ్లు జాగ్రత్త.

ఇక కాలిబ్రేషన్ అంటే మనవాళ్లు నేరుగా డాబా ఎక్కేస్తారు. స్లాబు నిండా ఇనుప చువ్వలే కదా! బైకుకీ కారుకీ దూరంగా, ఖాళీ పొలంలో, జేబులో ఫోన్ కూడా లేకుండా చేయండి. ఎగరేసే ముందు మ్యాప్‌లో డ్రోన్ ముక్కు నిజంగా ఎటుందో అటే చూపిస్తోందా అని ఒకసారి సరిచూసుకోండి.