పద్నాలుగేళ్లకి ఎనిమిదేళ్ల ఎముకలు

మా చుట్టాల పెళ్లిళ్లలో ప్రతి పెద్దావిడా మా అమ్మని పక్కకి పిలిచి ఒకటే అడిగేది, "పిల్ల ఇంకా పెద్దమనిషి అవలేదేంటే". నాకప్పుడు పద్నాలుగు, ఎత్తు 116 సెంటీమీటర్లు, నాకంటే చిన్నదైన మా చెల్లి భుజం దగ్గరికొచ్చేదాన్ని. తెనాలి దగ్గర పల్లె మాది. అమ్మ సరిగ్గా తిండి పెట్టట్లేదని నాయనమ్మ సాధింపు, అందుకని రాగిజావ, నువ్వుండలు, తాయెత్తు అన్నీ అయ్యాయి. టౌన్లో ఒక డాక్టర్ థైరాయిడ్‌ని నడిపే హార్మోన్ టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి థైరాయిడ్ నార్మల్ అని పంపించేశాడు. నా కేసులో తేడా మెడలో లేదు, తలలో ఉంది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పైనుంచి ఆర్డర్ ఇవ్వకపోతే థైరాయిడ్ పని చెయ్యదు, అప్పుడు టీఎస్‌హెచ్ బాగానే ఉన్నట్టు కనపడుతూ థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ ఫ్రీ టీ4 పడిపోతుంది, రెండూ కలిపి చూస్తేనే దొరుకుతుంది.

హైదరాబాద్‌లో హార్మోన్ల డాక్టర్, ఎండోక్రైనాలజిస్ట్ మేడమ్ ఎడమ చెయ్యి ఎక్స్‌రే తీయించి ఎముకల వయసు ఎనిమిదేళ్లే అన్నారు. గ్రోత్ హార్మోన్‌ని లేపే క్లోనిడిన్ మాత్ర వేసి అరగంటకోసారి రక్తం తీశారు, నేను మగతగా పడుకున్నా, గ్రోత్ హార్మోన్ మాత్రం లేవలేదు. ఎంఆర్ఐలో పిట్యూటరీ చిన్నగా ఉంది. జీన్ టెస్ట్‌లో ప్రాప్-1 అని వచ్చింది, అందులో రెండు అక్షరాలు ఎగిరిపోయాయంట. కడుపులో ఉన్నప్పుడు పిట్యూటరీ కణాల్ని తయారుచేయించే జీన్ అది, అది లేకపోతే గ్రోత్ హార్మోన్, థైరాయిడ్‌ని నడిపేది, ప్రొలాక్టిన్, పెద్దమనిషిని చేసే హార్మోన్లు అన్నీ దెబ్బతింటాయి.

మేడమ్ మా వంశవృక్షం గీస్తూ అమ్మానాన్నల మధ్య ఒక గీత బదులు రెండు గీశారు, రక్తసంబంధంలో పెళ్లయితే అలా గీస్తారంట. మా అమ్మ సొంత మేనమామని చేసుకుంది, అంటే మా నాయనమ్మే అమ్మకి అమ్మమ్మ, పెన్ను పైకెళ్లి మళ్లీ ఆ ముసలమ్మ దగ్గరికే వచ్చింది. ఆవిడ నుంచో తాతయ్య నుంచో ఒకే లోపం రెండు దారుల్లో దిగి నాలో కలిసింది. ఒక్క కాపీ ఉంటే ఏమీ కాదు, రెండూ పోతేనే జబ్బు, ప్రతి కాన్పులో 25 శాతం అవకాశం. క్రొయేషియాలో క్రక్ అనే దీవిలో కూడా వాళ్లలో వాళ్లే చేసుకుని ఇదే జీన్ వల్ల పొట్టివాళ్లు పుట్టారని చెప్పారు. ఆ రోజు నుంచి తిండి సంగతి నాయనమ్మ మళ్లీ ఎత్తలేదు.

ముందు కార్టిసాల్, అంటే జబ్బు చేస్తే ఒంటిని నిలబెట్టే హార్మోన్, బాగుందని చూసుకున్నాకే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు, అది తక్కువున్నప్పుడు థైరాక్సిన్ ఇస్తే ప్రమాదం. రోజూ రాత్రి తొడకి గ్రోత్ హార్మోన్ పెన్ను, ఫ్రిజ్ తలుపులో కరివేపాకు కవర్ పక్కనే ఉండేది, కరెంటు పోతే అమ్మ తలుపు తియ్యనిచ్చేది కాదు. ఖర్చుకి ఎకరం పొలం పోయింది. ఆలస్యం ఒక రకంగా కలిసొచ్చింది, ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ లేక ఎముకల చివర్లు మూసుకోలేదు కాబట్టి 153 దాకా పెరిగా. తర్వాత ఈస్ట్రోజన్ కొంచెం కొంచెంగా పెంచారు, నెలసరి వచ్చింది, అమ్మ ఊరంతా చిమ్మిలి పంచింది, నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

నన్నడిగితే జీన్ పేరు తెలియడం వల్ల అసలు లాభం తర్వాత కనపడింది. ప్రాప్-1 వాళ్లలో కార్టిసాల్ మొదట బాగుండి ఏళ్ల తర్వాత కూడా పడిపోవచ్చు, అందుకే మేడమ్ ఏటా పొద్దున్నే రక్తం చూపించమనేవారు, నాకేమో విసుగు. డిగ్రీలో ఉండగా ఒకటే నీరసం, లేస్తే కళ్లు తిరగడం, ఆ ఏడు రిపోర్ట్‌లో కార్టిసాల్ నేలకి దిగింది. అప్పట్నుంచి కార్టిసాల్ బదులు హైడ్రోకార్టిసోన్ మాత్ర కూడా వేసుకుంటున్నా, జ్వరమొస్తే డోసు డబుల్, వాంతులైతే ఇంజక్షన్, ఆ సంగతి రాసిన కార్డు ఎప్పుడూ బ్యాగులోనే.

చెల్లికి టెస్ట్ చేయిస్తే క్యారియర్, అంటే లోపమున్న కాపీ ఒక్కటే ఉందని వచ్చింది, ఆరోగ్యానికేం లేదు. మొన్న చిన్నత్త వాళ్లబ్బాయికి దాన్ని అడిగితే, బావకి కూడా ఆ రక్తపరీక్ష చేయించండత్తా అన్నా, ఫోన్ పెట్టేసింది.