ఒక టిక్కు దగ్గర ఆగిన వీడియో

పదకొండు దాటింది. ఈయన పడుకుని గంటయింది, నాకు మాత్రం నిద్ర రావటం లేదు. మధ్యాహ్నం ఓడలో పనిచేసే మా చిన్నోడికి వాట్సాప్‌లో పంపిన వీడియో ఇంకా ఒక టిక్కు దగ్గరే ఉంది, వాడికి చేరలేదు. అమ్మ మామిడికాయ ముక్కలు గుడ్డతో తుడుస్తూ వాడితో మాట్లాడిన వీడియో, నిమిషంన్నర ఉంటుంది. పంపేశాక గుర్తొచ్చింది, వాడి కార్డులో మిగిలింది కాస్తేనని. ఓడలో నెలకి ఇచ్చే డేటా పదో తారీకుకే అయిపోయింది, పది డాలర్లు పెట్టి కార్డు కొన్నాను, పొదుపుగా వాడుకోవాలమ్మా అని పోయిన వారమే చెప్పాడు. ఆటో డౌన్‌లోడ్ ఆపేసుకున్నాడు గానీ, అవ్వ మొహం కనబడితే నొక్కకుండా ఉండడు.

ఈ టెన్షన్‌లో నేనుంటే సాయంత్రం పిన్ని వచ్చింది. కాఫీ తాగుతూ, "ఇప్పుడు నడిసముద్రంలో కూడా నెట్ బాగా వస్తాదంట గదమ్మా, మీవాడే చేయటం లేదేమో, ఓసారి గట్టిగా అడుగు" అంది. అదీ అమ్మ ఎదురుగానే. అమ్మ చెయ్యి ముక్కల మీద ఆగిపోయింది, నేను చూశాను. ఆ క్షణాన నోరు పెగల్లేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

ఓడ మీద శాటిలైట్ డిష్ ఉంది పిన్నీ, లేకపోవటం కాదు. ఇంజిన్ రిపోర్టులు, వాతావరణం, ఆఫీసు మెయిళ్ళు దాంట్లోనే రాత్రీపగలూ పోతుంటాయి. పనిచేసే పిల్లల దగ్గరికి వచ్చేసరికే ఎంబీల లెక్క. పాత శాటిలైట్లు 36 వేల కిలోమీటర్ల పైన ఉంటాయి, మాట పోయి రావటానికే ఆలస్యం, ధర కూడా ఎక్కువ, కాబట్టి ఇన్నాళ్ళూ సర్దుకున్నాం. ఇప్పుడు ఐదువందల కిలోమీటర్ల చుట్టుపక్కల ఎత్తులోనే తిరిగేవి వచ్చాయి, స్టార్‌లింక్ అనే శాటిలైట్ నెట్ సర్వీసు 2022 నుంచే ఓడలకి ఇస్తోంది. వాడితో చదివిన అబ్బాయి ఓడలో ఆ డిష్ పెట్టారు, ఆ అబ్బాయి రోజూ వాళ్ళ పాపని చూసుకుంటున్నాడు. మావాడి కంపెనీ పెట్టలేదు. రూల్ లేదా అంటే ఉంది. ఓడల్లో పనిచేసేవాళ్ళ కోసం 2006లో చేసిన అంతర్జాతీయ ఒప్పందం, మన దేశం 2015లో ఒప్పుకుంది. దానికి 2022లో చేసిన సవరణలు 2024 డిసెంబరు 23 నుంచి అమల్లోకి వచ్చాయి. ఓడలో ఇంటర్నెట్ ఇవ్వాలి, డబ్బు తీసుకుంటే అది సబబుగా ఉండాలి అని. దాంతోపాటే 'వీలైనంత వరకు' అనే మాట కూడా ఉంది. వీలైందో లేదో చెప్పేది కంపెనీ. సబబో కాదో మావాడిని ఎవరూ అడగలేదు.

అమ్మ చెయ్యి అలా ఆగటం నాకు కొత్త కాదు. 1989 నవంబరులో తుపాను కావలి దగ్గరే తీరం దాటింది. నాకప్పుడు పదకొండేళ్ళు. తుమ్మలపెంటలో మమ్మల్నందర్నీ బడిలోకి చేర్చారు. నాయన సముద్రంలో చేపల వేటకి పోయి ఉన్నాడు. అమ్మ తడిసిన చీరతోనే వరండా గోడకి ఆనుకుని కూర్చుంది, ఎవరైనా అన్నం తెచ్చిస్తే కలిపి మాకు పెట్టేది, మధ్యలో చెయ్యి అలాగే గిన్నెలో ఆగిపోయేది. ఎవరిదో రేడియో ఉంటే దాని చుట్టూ ఊరంతా. గాలి ఎంత వేగమో రేడియో చెప్పింది గానీ నాయన ఎక్కడున్నాడో అదెలా చెబుతుంది. మూడో రోజు ఆయన నడిచి వచ్చాడు. గాలి మారటం చూసి ముందే ఇస్కపల్లి దగ్గర ఒడ్డుకి చేరాడంట. మేము ఏడ్చిన అన్ని గంటలూ ఆయన నేల మీదే ఉన్నాడు, కబురు పంపే దారి లేదు అంతే. అమ్మ ఒక్క మాట అనలేదు, నీళ్ళు తెచ్చి ఆయన కాళ్ళకి పట్టిన బురద కడిగింది.

ఇప్పుడు తమ్ముడి బోటుకి ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్, అంటే శాటిలైట్ ద్వారా కబుర్లు పంపే పరికరం, బిగించారు. లక్ష బోట్లకి పెట్టే పథకం, వాడి దగ్గర రూపాయి తీసుకోలేదు. సెల్ సిగ్నల్ పోయాక కూడా తుపాను కబురు బోటుకే వస్తుంది, ఆపదలో ఉంటే ఒడ్డుకి తెలుస్తుంది. (ఇప్పుడు వేట నిషేధం, జూన్ 14 దాకా వాడు ఇంట్లోనే, అమ్మకి అదొక నిశ్చింత.)

ఒక్కోసారి మాత్రం ఓడలో నెట్ తక్కువ ఉండటమే మేలేమో అనిపిస్తుంది. మా చిన్నోడి మొదటి ఓడలో డ్యూటీ అయ్యాక అందరూ కలిసి క్యారమ్స్ ఆడేవాళ్ళంట, ఇప్పుడు ఎవరి క్యాబిన్‌లో వాళ్ళే. నిద్ర మానుకుని మాతో మాట్లాడి వాచ్ డ్యూటీకి పోతే, ఆ ఇంజిన్ రూమ్‌లో...

లేదు. పైన రాసింది ఇప్పుడే చదువుకున్నా, అలా అనకూడదు. బడి వరండాలో అమ్మని చూసినదాన్ని నేను. నిద్ర సంగతి వాడు చూసుకుంటాడు, ఇరవై ఏడేళ్ళవాడు. అవ్వ మాట వినాలా వద్దా అన్నది పది డాలర్ల కార్డు తేల్చటమే నాకు మింగుడుపడటం లేదు.

ఆదివారం వాడి వాయిస్ మెసేజ్ వచ్చింది, ఇరవై సెకన్లు, వెనక ఇంజిన్ హోరు. అమ్మ నాలుగుసార్లు పెట్టించుకుని వింది.

వీడియో ఇప్పుడే తీసేశా, ఇద్దరి ఫోన్లలోనూ లేకుండా. దాని బదులు అమ్మ అన్నది అన్నట్టు టైప్ చేసి పంపా: "అబ్బయ్యా, నీ జాడీ వేరుగా పెడతన్నా, కారం తక్కువేస్తన్నాలే, నువ్వొచ్చినాకనే మూత తీస్తా."

దీనికీ ఒక టిక్కే.